సాన్‌లూకర్ రేవులో చేపల భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ దక్షిణాన, గ్వాదల్కివీర్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసేచోట సాన్‌లూకర్ దె బర్రమేద అనే ఊరుంది. కాదిస్ ప్రావిన్స్‌లోకి వస్తుంది. నది ఒడ్డున బాహో దె గియా అనే పాత జాలరిపేటలో చేపల హోటళ్లు వరసగా ఉంటాయి. ఎదురు ఒడ్డున దొన్యానా అడవి. ఇక్కడికి వచ్చే మనవాళ్లకు ఎప్పుడూ అవే సందేహాలు వస్తుంటాయి. ఎప్పుడు వెళ్లాలి, ఎంత చెప్పాలి, ధర లేని వంటకం అడగొచ్చా, బిల్లులో ఈ రొట్టె ఎక్కడిది అని. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

మధ్యాహ్నం పన్నెండుకే వెళ్తే భోజనం దొరుకుతుందా?

దొరకదు. ఆ వేళకు వంటగదిలో పొయ్యి వెలిగించి ఉండరు. మధ్యాహ్న భోజనం ఒంటిగంటన్నరకు మొదలై నాలుగు దాకా నడుస్తుంది. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మొదలవుతుంది. మధ్యలో సాయంత్రం ఐదుకో ఆరుకో వెళ్తే తాగడానికి ఏదైనా ఇస్తారు గానీ చేప వేయించి పెట్టరు. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే సరిగ్గా ఒకటిన్నరకు వెళ్లి కూర్చోండి. రెండున్నరకల్లా ఊరివాళ్లంతా కుటుంబాలతో వచ్చేస్తారు. అప్పుడు బల్ల దొరకడమే కాదు, వడ్డించేవాళ్ల చూపు మనవైపు తిప్పుకోవడం కూడా కష్టం.

ఏ రోజు వెళ్తే చేప తాజాగా ఉంటుంది?

మంగళవారం నుంచి శనివారం దాకా. ఊరికి నది వెంట కాస్త పైన బొనాన్సా అనే చేపలరేవు ఉంది. పడవలు అక్కడికే వస్తాయి, వేలం అక్కడే జరుగుతుంది. శని, ఆదివారాల్లో పడవలు వేటకు వెళ్లవు. అందుకే సోమవారం మధ్యాహ్నం బల్ల మీదికి వచ్చేది ఎక్కువగా శుక్రవారం పట్టిందే. సోమవారమే వెళ్లాల్సి వస్తే ఉడికించిన రొయ్యలు, కటిల్‌ఫిష్ కూర, చేపల పులుసు అన్నం లాంటివి తీసుకోండి. సున్నితమైన చిన్న చేపల వేపుడు ఆ రోజుకు వదిలేయడం మేలు. కొన్ని హోటళ్లు సోమవారం తెరవనే తెరవవు.

ముందే చెప్పి బల్ల ఉంచుకోవాలా?

ఆదివారం మధ్యాహ్నానికి, ఆగస్టు నెలంతా తప్పనిసరి. ఆగస్టులో ఇక్కడి ఇసుక మీద గుర్రప్పందేలు జరుగుతాయి. 1845 నుంచి ఉన్న ఆనవాయితీ ఇది. ఆటుపోట్లలో నీరు వెనక్కి తగ్గాక, తడి ఇసుక గట్టిపడ్డాక గుర్రాలను వదులుతారు. ఆ పరుగు మొదలయ్యేది బాహో దె గియా దగ్గరే కాబట్టి పందేల రోజుల్లో అప్పటికప్పుడు వచ్చి కూర్చోవడమన్నది మరచిపోండి. మామూలు బుధవారమో గురువారమో అయితే నడిచి వెళ్లినా చోటు దొరుకుతుంది. బయట నది కనిపించే బల్ల కావాలంటే ఫోన్ చేసినప్పుడే ‘తెర్రాసా’ అని అడగాలి.

రైల్లో వెళ్లొచ్చా?

ఊళ్లో రైలు స్టేషన్ లేదు. హెరెస్ అనే నగరం దాకా రైల్లో వచ్చి అక్కడ బస్సు ఎక్కండి. సెవిల్లా నుంచి నేరుగా కూడా బస్సులున్నాయి. భోజనంతో వైన్ తాగే ఉద్దేశం ఉంటే కారు కన్నా బస్సే నయం.

## మెనూ చేతికొచ్చాక

తాపా, మేదియా, రసియోన్ అని మూడు ధరలున్నాయి. ఏది ఎంత ఉంటుంది?

తాపా అంటే ఒకరు రుచి చూసేంత, చిన్న పళ్లెం. మేదియా రసియోన్ అంటే సగం, ఇద్దరికి సరిపోతుంది. రసియోన్ అంటే నిండు పళ్లెం, ముగ్గురు నలుగురు పంచుకుంటారు. ఎవరి పళ్లెం వాళ్లకు అనే పద్ధతి ఇక్కడ లేదు. అన్నీ బల్ల మధ్యలో పెట్టి అందరూ తింటారు. తాపాలు చాలా చోట్ల కౌంటర్ దగ్గర నిలబడి తినేవాళ్లకే ఇస్తారు, బల్ల దగ్గర మేదియా నుంచే మొదలు.

ఇద్దరికి మూడు మేదియాలు చాలు. నలుగురికి నాలుగు మేదియాలు చెప్పి, చివర్లో ఒక అన్నం వంటకం తీసుకుంటే కడుపు నిండుతుంది. మనవాళ్లు చేసే పొరపాటు మొదటి ఐదు నిమిషాల్లోనే అన్నీ చెప్పేయడం. వంటగది వాటన్నిటినీ ఒకేసారి పంపేస్తుంది. వేపుడు వేడి ఎంతసేపు? పది నిమిషాలు కూడా నిలవదు. ఆ తర్వాత పైపొర మెత్తబడి నూనె వాసన కొడుతుంది. రెండేసి చొప్పున చెప్పండి, అవి అయ్యాక మళ్లీ చెప్పండి. వడ్డించేవాళ్లు ఏమీ అనుకోరు, ఊరివాళ్లు తినేదీ అలాగే.

కొన్నిటి పక్కన ధర లేదు, ‘ఎస్.ఎమ్.’ అని ఉంది. అడగొచ్చా?

అడగాలి, మొహమాటపడకూడదు. ‘సెగూన్ మెర్కాదో’ అంటే ఆ రోజు బజారు ధర. రొయ్యలు, పెద్ద చేపలు ఇలా తూకం మీద అమ్ముతారు. ధర కిలోకు చెప్పారా, వంద గ్రాములకు చెప్పారా అన్నది ముందు తేల్చుకోండి. గొడవలన్నీ వచ్చేది ఇక్కడే. వంద గ్రాముల ధర విని పళ్లెం ధర అనుకుని, ఒకటింపావు కిలో చేప తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు.

పద్ధతి ఇది: చేపను పచ్చిగా బల్ల దగ్గరికి తెచ్చి చూపించమనండి, తూకం వేయించి మొత్తం ఎంతవుతుందో చెప్పించుకోండి, తర్వాతే పొయ్యి మీద పెట్టమనండి. ‘క్వాంతో పేసా?’ అంటే బరువెంత అని. ‘ఎన్ తొతాల్?’ అంటే మొత్తం ఎంత అని. తూకం పచ్చి చేపకే, పొట్ట తీయకముందు. కాబట్టి ఇద్దరికి తల, ముల్లు కలుపుకుని ఎనిమిది వందల గ్రాముల చేప ఎక్కువేం కాదు.

‘సాన్‌లూకర్ రొయ్య’ అంత ఖరీదెందుకు? మన వనామీ లాంటిదే కదా?

కాదు. భీమవరం, నెల్లూరు చెరువుల్లో పెంచే వనామీ వేరే జాతి. ఇక్కడి లాంగొస్తీనో సముద్రంలో వలకు పడే అడవి రొయ్య, ఒంటి మీద అడ్డచారలుంటాయి. ఉడికాక కూడా ఆ చారలు లేత ఎరుపులో కనిపిస్తాయి. నదినీరు, సముద్రపునీరు కలిసే ఈ మొగలో పెరిగినందువల్ల కండ గట్టిగా, తీపిగా ఉంటుంది. వనామీ మీద చారలుండవు, ఉడికితే ఒంటి నిండా ఒకే గులాబీ రంగు.

మెనూలో ఒట్టి ‘లాంగొస్తీనోస్’ అని మాత్రమే రాసి, ధర తక్కువగా ఉంటే అది చెరువు రొయ్యే అయ్యుండొచ్చు. అందులో మోసమేమీ లేదు, ఊరి రొయ్య అని పేరు పెట్టి అమ్మితే తప్ప. ‘సోన్ దె అకీ?’ అనండి, ఇక్కడివేనా అని అర్థం. నిజంగా ఇక్కడివైతే గర్వంగా చెబుతారు.

ఖరీదు ఎక్కువే. అందుకని కిలో చొప్పున కాక రెండు వందల గ్రాములు తీసుకుని, తలా మూడో నాలుగో తిని చూడండి. ఈ ఊరు వచ్చి అది రుచి చూడకుండా వెళ్లొద్దు.

వేపుళ్లలో ఏది ఏ చేప? పేర్లు ఒక్కటీ అర్థం కావు.

అసెదీయా అరచేయంత ఉండే నాలుక చేప, ఈ ఊరి వేపుళ్లలో మా మొదటి ఓటు దానికే. బొకెరోన్ అంటే నెత్తళ్లు. సల్మొనేతె ఎర్రగా ఉండే గులివిందల జాతి చేప, ముళ్లు కాస్త ఎక్కువ. చోకో అంటే కటిల్‌ఫిష్ ముక్కలు. పున్తియీతా బొటనవేలంత స్క్విడ్, తల కాళ్లతో సహా వేయిస్తారు. కసోన్ ఎన్ అదోబో చిన్న సొర ముక్కలు: వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో, మిరప పొడి, వెనిగర్‌లో నానబెట్టి వేయిస్తారు. ఇక్కడి మిరప పొడి రంగుకే గానీ కారానికి కాదు. అయినా జీలకర్ర వాసన వల్ల మన నాలుకకు వెంటనే పరిచయమైనట్టు అనిపించేది ఇదే. ఓర్తిగీయా సముద్రపు ఎనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్ర జీవి. పైన కరకర, లోపల జావలాగా మెత్తగా, గాఢమైన సముద్రపు రుచితో ఉంటుంది. మొదటిసారి తాపా చాలు.

అన్నీ కొంచెం కొంచెం కావాలంటే ‘ఫ్రితూరా వరియాదా’ అనండి, కలగలుపు పళ్లెం వస్తుంది.

తోర్తియీతా అంటే ఆమ్లెట్టేనా?

గుడ్డు చుక్క కూడా ఉండదు. గోధుమపిండి, శనగపిండి కలిపి నీళ్లతో పల్చగా, జారుగా చేసిన పిండి. అందులో ఉల్లికాడలు, పార్స్‌లీ, గోరంత కూడా లేని కమరోన్ రొయ్యలు పొట్టుతో సహా వేస్తారు. గరిటెతో కాగిన నూనెలో వదిలి, వెంటనే గరిటె వీపుతో అంచులకు సాగదీస్తారు. సరిగ్గా వచ్చినదాన్ని వెలుతురుకు ఎత్తి పడితే జల్లెడలా కన్నాలు కనిపిస్తాయి. అంచులు చేత్తో విరిస్తే పెళుసుగా విరగాలి. మందంగా, మధ్యలో మెత్తగా, పకోడీలా వస్తే పిండి చిక్కగా కలిపారన్నమాట, లేదా నూనె చాలినంత కాగలేదు. తలకొకటి చొప్పున విడిగా చెప్పొచ్చు, పళ్లెం మొత్తం తీసుకోనక్కర్లేదు. ఊరి మధ్యలో కబీల్దో చౌకులోని కాసా బల్బీనో దీనికి పేరుమోసిన చోటు.

ఏ కాలంలో ఏది అడగాలి?

జనవరి నుంచి మార్చి దాకా గలేరా అడగండి. చూడ్డానికి రొయ్యకూ గొల్లభామకూ మధ్యలో ఉన్నట్టుంటుంది. ఆ నెలల్లో ఆడవాటి లోపల నిండుగా నారింజరంగు గుడ్డు ఉంటుంది. మిగతా నెలల్లో గుల్లే మిగులుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ట్యూనా. దక్షిణాన బర్బాతె, సహారా దె లోస్ అతూనెస్ తీరాల్లో ‘అల్మద్రాబా’ అనే నిలువు వలల చిట్టడవిలోకి చేపను మళ్లించి పట్టే కాలమది. ఎండాకాలం సార్డీన్, నెత్తళ్లు కొవ్వు పట్టి ఉంటాయి. శరదృతువులో ట్రాలర్లకు విరామం ఇస్తారు కాబట్టి ఆ వారాల్లో కొన్ని పేర్లు మెనూలో ఉన్నా బల్ల మీదికి రావు.

‘చన్కేతెస్’ అని ఎవరైనా అంటే వద్దనండి. పిల్లచేపల వేట ఇక్కడ నిషేధం.

## తాగడానికి

‘మన్సనీయా’ అడిగితే వేడి టీ తెచ్చారు. ఎందుకని?

ఆ మాటకు మూడు అర్థాలున్నాయి: చామంతి టీ, ఒక రకం ఆలివ్ కాయ, ఈ ఊరి వైన్. ‘ఉనా కోపా దె మన్సనీయా’ అంటే గ్లాసు వైన్ అని స్పష్టంగా అర్థమవుతుంది. ఇద్దరు ముగ్గురైతే ‘మేదియా బొతేయా’ అనండి, 37.5 సెంటీలీటర్ల సగం సీసా మంచు బకెట్‌లో వస్తుంది.

ఇది తెల్లగా, తీపి అన్నది లేకుండా, కొద్దిగా ఉప్పగా తోచే వైన్. పలొమీనో ద్రాక్షతో చేస్తారు. పీపాల్లో వైన్ పైన ‘ఫ్లోర్’ అనే ఈస్ట్ పొర దుప్పటిలా కప్పుకుని గాలి తగలనివ్వదు. ఈ ఊళ్లో పీపాల్లో నిల్వ ఉంచి పక్వం చేసిన వైన్‌కే ఆ పేరు చెల్లుతుంది. ఆల్కహాల్ సుమారు 15 శాతం. మామూలు వైన్ కన్నా ఘాటు కాబట్టి ఎండలో ఖాళీ కడుపుతో తాగితే తల తిరుగుతుంది. వేపుడు నూనెను నాలుక మీద నుంచి కడిగేయడంలో దీనికి సాటి లేదు.

మంచినీళ్లు కొనుక్కోవాల్సిందేనా?

అక్కర్లేదు. 2022లో వచ్చిన వ్యర్థాల చట్టం ప్రకారం హోటళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. ‘ఉనా హర్రా దె ఆగ్వా దెల్ గ్రీఫో’ అని అడగాలి. ఒట్టి ‘ఆగ్వా’ అంటే సీసా తెస్తారు, దానికి డబ్బులు పడతాయి.

## బల్ల మీదికి వచ్చాక

రొయ్యలు చల్లగా వచ్చాయి. వేడి చేయమనాలా?

వద్దు, అవి అలాగే తినాలి. సముద్రపు నీళ్లంత ఉప్పగా మరిగించిన నీళ్లలో రొయ్యలు వేసి, నీళ్లు మళ్లీ తెర్లాక నిమిషం రెండు నిమిషాల్లో తీసేస్తారు. వెంటనే ఉప్పు కలిపిన మంచునీళ్లలో ముంచుతారు. దాంతో ఉడకడం ఆగిపోతుంది, కండ బిగుస్తుంది, పొట్టు సులువుగా ఊడుతుంది. మంచునీళ్లలోనూ ఉప్పు ఉండాల్సిందే, లేకపోతే రొయ్యలోని రుచి నీళ్లలోకి దిగిపోతుంది. వేడిగానే కావాలంటే ముందే ‘ఆ లా ప్లాంచా’ అని చెప్పండి, పెనం మీద గళ్లుప్పు చల్లి కాలుస్తారు. మా మాట వింటే ఈ ఊళ్లో ఉడికించినవే తినండి.

పొట్టు చేత్తో తీయొచ్చా? తల ఏం చేయాలి?

చేత్తోనే తీయాలి. ఒక చేత్తో ఒంటిని, ఇంకో చేత్తో తలను పట్టుకుని కొంచెం మెలితిప్పి లాగండి. తలలోని రసం కారిపోకముందే జుర్రుకోవాలి. అసలు రుచంతా అక్కడే ఉంది, ఊరివాళ్లు సిగ్గుపడకుండా జుర్రుతారు. తర్వాత కడుపు వైపు కాళ్ల దగ్గర బొటనవేలు దూర్చి పొట్టును రెండు చుట్లలో విప్పేయండి. చివర్లో తోకను రెండు వేళ్లతో నొక్కితే కండ మొత్తం జారి వస్తుంది. పొట్టు వేయడానికి ఖాళీ పళ్లెం ఇస్తారు, లేకపోతే అడగండి.

అసెదీయా ముళ్లు ఎలా దాటాలి?

ఫోర్కుతో పొడిస్తే ముక్కలై ముళ్లన్నీ కలిసిపోతాయి. తల, తోక రెండు చేతులతో పట్టుకుని పైవైపు కండను పళ్లతో గీకినట్టు తినండి, తిప్పి రెండోవైపు తినండి. నడిముల్లు దువ్వెనలా చేతిలో మిగులుతుంది. అంచుల్లోని సన్నటి ముళ్లు బాగా వేగి ఉంటే కరకరమంటూ నమిలేయొచ్చు. పిల్లలకు మాత్రం చోకో గానీ, నడుమ ఒక్క మెత్తటి ఎముకే ఉండే కసోన్ గానీ పెట్టండి.

కారం అస్సలు లేదు. పచ్చిమిరప అడగొచ్చా?

అడిగినా చాలా చోట్ల ఉండదు. కారం సాస్ సీసా ఉంటే ఇస్తారు. కారం లేని లోటు పులుపుతో కొంత తీరుతుంది: ‘పాపాస్ అలిన్యాస్’ అంటే ఉడికిన బంగాళాదుంపలను హెరెస్ వెనిగర్, ఆలివ్ నూనె, ఉల్లిపాయతో కలిపినది. వేపుడు పక్కన నంజుకోవడానికి బాగుంటుంది. నిమ్మకాయ పిండాలనుకుంటే పళ్లెం మొత్తం మీద కాకుండా తినే ముక్క మీదే పిండుకోండి. తడి తగిలిన వేపుడు మెత్తబడిపోతుంది.

చివర్లో అన్నం తెప్పించుకుంటే ఎలా ఉంటుంది?

‘అర్రోస్ కల్దోసో’ అడగండి. చేపల రసంలో ఉడికిన పల్చటి అన్నం, చెంచాతో తింటారు. ఇద్దరికి తక్కువ చేయరు, ఇరవై ఐదు నిమిషాలైనా పడుతుంది. అందుకని మొదటి పళ్లెంతోపాటే చెప్పి ఉంచాలి.

## తినకూడనివి, పడనివి

గొడ్డుమాంసం, పందిమాంసం తినం. చేపల హోటల్లో భయం లేదుగా?

కొంచెం జాగ్రత్త అవసరం. క్రొకేతాల్లో, అంటే వేయించిన మెత్తటి ముద్దల్లో, తరచుగా హామోన్, అంటే పందిమాంసం ఉంటుంది. సల్మొరేహో అనే చల్లటి టమాటా సూపు పైనా దాని తునకలు చల్లుతారు. ‘మెనూదో’ అంటే పశువు పేగులు, పందిమాంసంతో చేసిన శనగల కూర. శనగలే కావాలంటే ‘గర్బాన్సోస్ కోన్ చోకో’ అడగండి, కానీ దాన్లోనూ మాంసం ముక్క వేశారేమో కనుక్కోండి. మాంసం వద్దని ‘సిన్ కార్నె’ అని మాత్రమే చెబితే చాలదు, కొందరి లెక్కలో హామోన్ మాంసం కిందికి రాదు. హామోన్, పందిమాంసం, గొడ్డుమాంసం వద్దని ‘సిన్ హామోన్, సిన్ సెర్దో, సిన్ తెర్నేరా’ అని విడివిడిగా చెప్పడమే భద్రం.

మాతో ఒక శాకాహారి ఉన్నారు. ఏం తింటారు?

పాపాస్ అలిన్యాస్‌లో, కాల్చిన మిరపకాయల సలాడ్‌లో ట్యూనా కలుపుతారు. ‘సిన్ అతూన్’ అంటే తీసేసి ఇస్తారు. టమాటా ముక్కల సలాడ్, గాస్పాచో అనే చల్లటి కూరగాయల సూపు, జున్ను దొరుకుతాయి. వేయించిన కూరగాయలు మాత్రం చేపలు వేగిన నూనెలోనే వేగుతాయి. పట్టింపు ఉన్నవాళ్లు ఆ ఒక్కటి మానుకోవాలి. నిజం చెప్పాలంటే ఇది శాకాహారికి సుఖమైన చోటు కాదు.

వైన్ తాగం. వంటల్లో కలుస్తుందా?

కలుస్తుంది. కొకీనా అనే చిన్న ఆల్చిప్పలను వెల్లుల్లి, పార్స్‌లీ, తెల్ల వైన్‌తో వండుతారు. చేపల కూరల్లోనూ మన్సనీయా పోస్తారు. ఉడికించినవి, పెనం మీద కాల్చినవి, పిండి అద్ది వేయించినవి సాధారణంగా వైన్ లేనివే.

రొయ్యలు పడవు, చేప పడుతుంది. ఎలా చెప్పాలి?

‘సోయ్ అలెర్హికో ఆ లోస్ క్రుస్తాసెయోస్’ అనండి, ఆడవాళ్లైతే ‘అలెర్హికా’. యూరప్ నిబంధనల్లో 14 అలెర్జీ పదార్థాల పట్టిక ఉంది. అందులో చేపలు, రొయ్య పీతల జాతి, ఆల్చిప్ప స్క్విడ్‌ల జాతి మూడూ వేర్వేరు. హోటల్ ఆ వివరం చెప్పి తీరాలి. వేపుడు నూనె మాత్రం అన్నిటికీ ఒకటే కాబట్టి అలెర్జీ తీవ్రమైతే వేపుళ్ల జోలికే వెళ్లొద్దు. అన్నం, కూరల రసంలోనూ రొయ్య తలలు మరిగించి ఉంటాయి.

వెనిగర్‌లో ఊరవేసిన పచ్చి నెత్తళ్లు తినొచ్చా?

తినొచ్చు. అనిసాకిస్ అనే పురుగు వెనిగర్‌కు చావదు, గడ్డకట్టించే చలికి చస్తుంది. అందుకే పచ్చిగా వడ్డించే చేపను హోటళ్లు ముందుగా సున్నాకు 20 డిగ్రీల దిగువన కనీసం 24 గంటలు ఉంచాలని 2006 నుంచి నిబంధన ఉంది. ఇంట్లో చేసుకుంటే మామూలు ఫ్రీజర్‌లో ఐదు రోజులు ఉంచాలి.

## బిల్లు

అడగని రొట్టెకు డబ్బులు వేశారు. ఇది మోసమా?

రొట్టె, ‘పీకోస్’ అనే చిన్న కరకర పుల్లలు బల్ల మీద పెట్టి మనిషికింత అని వేయడం ఇక్కడ మామూలే. అయితే ఆ ధర మెనూలో రాసి ఉండాలి. వద్దనుకుంటే పెట్టగానే ‘పాన్ నో, గ్రాసియాస్’ అని వెనక్కి పంపండి. ముట్టుకున్నాక వాదించలేం.

బిల్లు ఎప్పటికీ తేరేం? టిప్పు ఎంత?

అడిగేదాకా తేరు. తిన్నాక కూర్చుని కబుర్లు చెప్పుకోవడం భోజనంలో భాగమే, లేవమన్నట్టు బిల్లు పెట్టడం అమర్యాద. చెయ్యెత్తి ‘లా క్వేంతా, పోర్ ఫవోర్’ అనండి. ధరల్లో పదిశాతం పన్ను కలిసే ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు. చిల్లర వదిలేస్తారు, బాగా చూసుకున్నారనిపిస్తే ఐదు శాతం.

తూకం దగ్గర తేడా వచ్చింది. ఎవరికి చెప్పాలి?

ముందు వివరంగా రాసిన బిల్లు అడిగి, గ్రాములూ ధరా సరిచూసుకోండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే ‘ఓహా దె రెక్లమసియోనెస్’ అడగండి. అది ప్రభుత్వ ఫిర్యాదు ఫారం, ప్రతి హోటల్లోనూ ఉండాలి, అడిగితే ఇవ్వాలి. పూర్తిచేశాక ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

మిగిలింది కట్టించుకోవచ్చా?

కట్టిస్తారు. ఆహార వృథాను తగ్గించడానికి 2025లో వచ్చిన చట్టం కూడా ఇదే చెబుతోంది. ‘పారా యెవార్’ అంటే చాలు. అన్నం, కూర, పెద్ద చేప ముక్కలు కట్టించుకోండి. వేపుడును మాత్రం పెట్టెలో మూసేస్తే గది చేరేలోపు చెమటపట్టి తడిసిపోతుంది, అది అక్కడే తినేయండి.